డాక్టరమ్మ కొన్న పుచ్చు పడవ

ఆ ఇంట్లో ఎవరికి తిక్క రేగినా దాన్ని దించే పని పెద్దకోడలిదే. ఆవిడ పళ్ళ డాక్టరు. రోజుకి ఇరవై నోళ్ళలోకి తొంగిచూసి, "ఇది ఉంచచ్చు, ఇది పీకెయ్యాలి" అని మొహమాటం లేకుండా చెప్పే మనిషి. వీధి వీధంతా ఆవిణ్ణి డాక్టరమ్మ అనేది. చివరికి ఇంట్లో అత్తగారికీ అదే నోట పడింది. నలభై ఆరేళ్ళ జీవితంలో ఆవిడ ఆవేశపడి కొన్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు. గొడుగు కొనాలన్నా మూడు షాపులు తిరిగి, విప్పి, మూసి, ఒక్కొక్క పుల్లా వేలితో నొక్కి చూసేది.

తిక్క రేగేది మాత్రం ఎప్పుడూ ఒక్కడికే. మరిదికి. నలభై నిండినా అతను ఇంట్లో చిన్నోడే. పగలంతా బడిలో పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పుతాడు. బడి వదిలితే ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. ఒక ఏడాది తేనెటీగల్ని పెంచాడు. అవి తేనె పెట్టలేదు గానీ పక్కింటాయన చెవిని బూరెలా చేశాయి. మరో ఏడాది మేడ మీద టెలిస్కోపు బిగించాడు. దాంట్లో చంద్రుడికంటే ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకే స్పష్టంగా కనపడింది. ఈసారి అతని కన్ను ఒక చెక్క తెరచాప పడవ మీద పడింది.

"అరవై రెండేళ్ళ పాతదట. అమ్మేస్తున్నారు. కొంచెం బాగు చేసుకోవాలంతే," అన్నాడు భోజనాల దగ్గర. "కొంచెం" అంటూ రెండు చేతులూ బారెడు చాపాడు.

అతని అన్నగారు, అంటే డాక్టరమ్మ మొగుడు, లిఫ్టులు తనిఖీ చేసే అధికారి. ఊళ్ళో ఏ లిఫ్టు ఎక్కినా లోపలి గోడకి ఆయన సంతకం ఉన్న కాగితం కనిపిస్తుంది. ఆయన పళ్ళెంలోంచి తలెత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "చెక్క, నీళ్ళు, వీడు. ఈ మూడూ ఒకచోట చేరకూడదు."

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "నువ్వు వెళ్ళమ్మా డాక్టరమ్మా. నీ మాటైతే వింటాడు. ఓసారి అలా చూసి, పుచ్చిపోయిందిరా అని ఒక్క మాట అనెయ్. చాలు, వీడి పీడా వదులుతుంది, మన పీడా వదులుతుంది."

శనివారం క్లినిక్కు మూసి, తెల్లకోటు కూడా విప్పకుండా డాక్టరమ్మ మరిది వెంట బయల్దేరింది. దారి పొడుగునా చిన్నోడు గాలి గురించీ, అలల గురించీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ ఊఁ కొడుతూ, పుచ్చు అనే మాటని ఎంత మెత్తగా చెబితే అతని మనసు తక్కువ నొచ్చుకుంటుందా అని ఆలోచిస్తూ కూర్చుంది.

రేవుకి కాస్త ఎడంగా రేకుల షెడ్డు. లోపల తారు వాసన, రంగుల వాసన, రంపపు పొట్టు. అటూ ఇటూ దూలాలు ఊతంగా పెట్టి నిలబెట్టిన పడవలు. అన్నిటికీ చివర, ముప్ఫై అడుగుల పొడవున, రంగంతా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది ఆ పడవ. పేరు రాసిన చోట అక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి. దాని నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై అయిదేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఆవిడా, ఆవిడ భర్తా ఆ పడవ మీద సగం జీవితం గడిపారు. ఆయన పోయారు, ఈవిడ మోకాళ్ళు పోయాయి. అందుకని అమ్మేస్తోంది.

"ముందుగా పడవ చూసుకో బాబూ. తర్వాత నా దగ్గరికొచ్చి ఏం చూశావో చెప్పు. మాట నచ్చితే ఇస్తాను, లేకపోతే లేదు," అంది టీచరు.

చిన్నోడు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, చెయ్యి గుండె మీద వేసుకుని వచ్చాడు. "అందం చూశానండీ. ఆ వంపు చూస్తుంటే సముద్రమే కూర్చుని చెక్కినట్టుంది."

"ఇంతకుముందు వచ్చిన ముగ్గురూ ఇలాగే చెప్పారు," అంది టీచరు. "సున్నా. కూర్చో."

నలభై ఏళ్ళవాడు బుద్ధిగా వెళ్ళి ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

ఈ సంగతేదీ డాక్టరమ్మకి తెలియదు. ఆవిడ అప్పటికే పడవ అవతలి పక్కకి వెళ్ళింది. ఒక్క మాట అనాలంటే ముందు చూడాలి కదా. చూడకుండా పీకడం ఆవిడ వృత్తిలో లేదు. కోటు జేబులో పళ్ళు చూసే చిన్న అద్దమూ, మొన వంగిన కొక్కెమూ ఉండనే ఉన్నాయి. ఒక పలక మీద కొక్కెం పిడితో కొట్టింది. బొద్దుమంది, డొల్ల చప్పుడు. మొన గుచ్చింది. పాత రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది. పక్క పలక మీద కొట్టింది. అదీ బొద్దే. 'సరే, అత్తయ్య చెప్పమన్న మాట నిజమే' అనుకుంది. కానీ మూడో పలక మీద కొడితే ఖంగుమంది.

ఆ శబ్దానికి ఆవిడ ఆగిపోయింది.

మళ్ళీ కొట్టింది. ఖంగు. వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున పడవ పొడుగునా పరుచుకున్న వెన్నుదుంగ మీద కొట్టింది. గంట కొట్టినట్టు మోగింది. చెవి ఆనించి ఇంకో చోట కొట్టింది. అక్కడా అంతే. నిచ్చెన ఎక్కి లోపలికి దిగింది. పలకల మధ్య సందుల్లోంచి వెలుతురు సన్నటి గీతలుగా లోపల పడుతోంది, నాలుగు గీతల నోటుపుస్తకంలోకి దిగినట్టుంది. అద్దం పట్టుకుని, చేయి దూరని మూలల్లో పక్కటెముకల్లాంటి వంపు కర్రల్ని ఒక్కొక్కటే చూసింది. గోటితో కొంచెం గీకితే పాత రంగు కింద చెక్క తేనెరంగులో బయటపడింది. అరవై రెండేళ్ళ తర్వాత కూడా దానికి వాసన ఉంది. డాక్టరమ్మ వంగి, కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చింది. ఎందుకో ఆవిడకే తెలియలేదు. లోపల ఎవరూ లేరు కాబట్టి చిన్నగా నవ్వింది కూడా.

గంట తర్వాత మోకాళ్ళకి దుమ్ముతో, జుట్టులో సాలెగూడుతో బయటికి వచ్చింది. టీచరు అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"పదకొండు పలకలు పోయాయండీ. కుడివైపు ఏడు, ఎడమవైపు నాలుగు. వాటిని తీసెయ్యాల్సిందే, ఉంచితే పక్కవాటికి అంటుకుంటుంది. చుక్కాని దగ్గర ఎప్పుడో ఎవరో సిమెంటు కూరారు, అది చాలా తప్పు పని. లోపల తేమ పట్టేసింది. పైకప్పు సగం దండగ. కానీ వెన్నుదుంగ రాయిలా ఉంది. ఎముకలు ముప్ఫై ఆరుంటే ముప్ఫై మూడు గట్టివి. చిగుళ్ళు చాలా బాగున్నాయి." అని నాలిక కరుచుకుంది. "అంటే, పలకలు పట్టి ఉండే చోటు."

టీచరు కర్ర ఊతగా లేచి నిలబడింది. "చుక్కాని దగ్గర సిమెంటు కూరింది మా ఆయన. ఇరవై ఏళ్ళు ఆయనతో పోట్లాడాను దాని గురించి. వచ్చినవాళ్ళలో ఒక్కళ్ళూ చూడలేదు." ఆవిడ కర్రతో చిన్నోణ్ణి చూపించింది. "ఈ అబ్బాయికి ఇవ్వను. నీకైతే ఇస్తాను."

"నేను కొనడానికి రాలేదండీ," అంది డాక్టరమ్మ. "మాన్పించడానికి వచ్చాను."

"మంచిది. ధర అడుగు."

అడిగింది. ఊరికే, మర్యాదకి. టీచరు చెప్పిన ధర, క్లినిక్కులో రెండో కుర్చీ కోసం డాక్టరమ్మ మూడేళ్ళుగా దాచుకుంటున్న దాంట్లో సగం కూడా లేదు. వద్దని చెప్పడానికి నోరు తెరిచింది. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ చేత నోళ్ళు తెరిపించిన మనిషికి, తన నోరు తెరిస్తే లోపల్నించి ఏం వస్తుందో ఆరోజే తెలిసింది.

"తీసుకుంటాను," అంది.

"వదినా!" అన్నాడు చిన్నోడు చెక్కపెట్టె మీంచి.

"నువ్వు ఆగు," అంది ఆవిడ. "తీసుకుంటానండీ. ఇవాళే."

తిరుగు ప్రయాణానికి ఇద్దరూ బస్సెక్కారు. చిన్నోడు మొహం ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. "కంచే చేను మేసిందంటే విన్నాను గానీ, ఇవాళ కళ్ళారా చూశాను," అన్నాడు చివరికి. డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ముక్కులోంచి, కళ్ళలోంచి కూడా వచ్చింది. ఆవిడ అలా నవ్వడం పదిహేనేళ్ళలో అతనెప్పుడూ చూడలేదు. చూస్తూ చూస్తూ అలక మర్చిపోయి తనూ మొదలుపెట్టాడు. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు ముందుకు వెళ్ళిపోయారు.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారు ఎదురొచ్చింది. "ఏమ్మా, మాన్పించావా?"

"మాన్పించానత్తయ్యా. చిన్నోడు పడవ కొనడం లేదు."

"చల్లని మాట చెప్పావు తల్లీ!"

"నేను కొన్నాను."

అత్తగారు కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత చిన్నోడి నుదుటి మీద చెయ్యి వేసింది, అంటుజబ్బేమోనని. డాక్టరమ్మ మొగుడు పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. ఎగిరిపడలేదు, అరవలేదు. ఆయన అరిస్తే బాగుండుననిపించేంత నెమ్మదిగా అడిగాడు. "ఎన్ని లోపాలున్నాయి?"

"నేను చూసినవి పదహారండీ."

"ఆదివారం నేను చూస్తాను."

ఆదివారం ఆయన టార్చి, సుత్తి, టేపు, మూడు కాపీల పుస్తకం పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. టీచరు కుర్చీలోంచి చూస్తూ ఉంది. డాక్టరమ్మా చిన్నోడూ కింద నిలబడ్డారు. పడవ లోపల్నించి ఆయన గొంతు వినిపిస్తూ ఉంది. "ఒకటి. నిచ్చెన మెట్టు వదులు. రెండు. పట్టుకోడానికి కడ్డీ లేదు..." పదిహేను, పదహారు. ఇరవై. ముప్ఫై దాటాక గొంతు కొంచెం లోతుకి వెళ్ళింది. "నలభై ఒకటి," అన్నది వినిపించాక ఇంకేం వినపడలేదు.

పది నిమిషాలు చూసి డాక్టరమ్మ నిచ్చెనెక్కింది. ఆయన ముందు కొసలో, రెండు వైపుల పలకలూ వచ్చి కలిసే ఇరుకులో, చొక్కా మాసిపోతుందన్న ధ్యాస లేకుండా వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పుస్తకం పొట్ట మీద బోర్లా ఉంది.

"ఏమండీ? దెబ్బ తగిలిందా?"

"లిఫ్టులు ఎక్కడికి వెళ్తాయోయ్?" అన్నాడాయన పైకి చూస్తూ. "పైకి, కిందికి. ఇరవై రెండేళ్ళుగా నేను పైకి, కిందికి." పలక మీద చెయ్యి వేశాడు. "ఇది పక్కలకి కూడా వెళ్తుందా?"

"గాలి ఉంటే ఎటైనా వెళ్తుందటండీ."

"అలాగైతే నలభై ఒకటీ సరిచేద్దాం," అని కాపీల పుస్తకం మూసేశాడు.

అక్కణ్ణించి పద్నాలుగు నెలలు ఆ ఇంటి ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిచాయి. చిన్నోడు పని నేర్చుకున్నాడు. అతని చేతిలో వంపు ఉంది. పలకని ఆవిరి పెట్టెలో ఉడకబెట్టి, వేడి తగ్గేలోపు వంచి బిగించడంలో అతన్ని మించినవాడు లేడని టీచరే ఒప్పుకుని, సున్నా తీసేసి అరవై మార్కులు వేసింది. ఆ మార్కులు చూసుకుని అతను షెడ్డంతా గంతులేశాడు. అన్నగారు ప్రతి మేకూ లాగి చూశాకే తర్వాతి మేకు కొట్టనిచ్చేవాడు. డాక్టరమ్మది సందులు పూడ్చే పని. పలకల మధ్య నూలు పేనిన తాడు దూర్చి, సన్నటి ఉలితో, చెక్కసుత్తితో టకటకా లోపలికి దించి, పైన లప్పం పెట్టడం. వంద గజాలకి పైగా సందులు. మొదటి గజం చూసి టీచరు, "నీకు నేను చెప్పేదేం లేదు," అని కుర్చీ వెనక్కి జరుపుకుంది.

అన్నిటికంటే ఎక్కువగా మారిపోయింది క్లినిక్కు. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే డాక్టరమ్మ ఇప్పుడు పన్ను తోముతూ పడవ కథ చెప్పేది. నోరు తెరుచుకున్నవాడు కాదనలేడు కదా. "అయిదో పలక నిన్నే బిగించాం. ఆఁ, ఇంకొంచెం తెరవండి. వంపు చూడాలి మీరు!" నోరు మూసుకునే వీలు దొరికాక వాళ్ళు "తర్వాత ఏమైంది?" అని అడిగేవారు. ఒకాయన నొప్పి లేకపోయినా ఆరో పలక సంగతి తెలుసుకుందామని మళ్ళీ వచ్చాడు.

అత్తగారు నాలుగు నెలలు పంతం పట్టింది. "ముల్లు తియ్యమని పంపిస్తే మేకు దింపుకుని వచ్చింది," అని కనపడినవాళ్ళకల్లా చెప్పింది. అయిదో నెలలో, ఆ ముసలి టీచరు తన కొడుకుల చేత ఎంత చాకిరీ చేయిస్తోందో చూద్దామని షెడ్డుకి వచ్చింది. టీచరు పక్కన ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మొదటిరోజు ఇద్దరూ పలకరించుకోలేదు. రెండోవారం, "మా పెద్దాడికి సుత్తి పట్టుకోవడం చిన్నప్పట్నించీ రాదు," అంది అత్తగారు గాలితో అన్నట్టు. "అది నేను మొదటిరోజే చూశాను," అంది టీచరు. అంతే, ఇద్దరికీ జత కుదిరిపోయింది. ఆ రోజునుంచీ ఒకరు తానా అంటే ఇంకొకరు తందానా. పని చేసేవాళ్ళు ముగ్గురు, తప్పులు పట్టేవాళ్ళు ఇద్దరు.

మధ్యలో ఒక్కరోజు డాక్టరమ్మకి భయం వేసింది. పుచ్చిన పలకలన్నీ పీకేసిన సాయంత్రం అది. పడవ ఒంట్లోంచి అవతలి గోడ కనిపిస్తోంది. ఉలి కింద పెట్టి, "ఎంత పని చేశానండీ," అంది మొగుడితో. ఆయన తల గోక్కుని, బొద్దుమనే చెక్క కుప్ప వైపు చూసి, ఖంగుమనే ఎముకల వైపు చూశాడు. "పీకాల్సినవి పీకావు. ఉంచాల్సినవి ఉంచావు. రోజూ చేసే పనేగా," అన్నాడు. ఆవిడ ఉలి మళ్ళీ తీసుకుంది.

నీళ్ళలోకి దించే రోజు రానే వచ్చింది. తెల్లరంగు, తేనెరంగు వార్నిషు, కొత్త తెరచాప. క్రేను పడవని పట్టీల్లో ఎత్తి, గాల్లో ఊయలలా తిప్పి, రేవు పక్కన నీళ్ళ మీద కూర్చోబెట్టింది. చూడ్డానికి వచ్చిన పేషెంట్లు చప్పట్లు కొట్టారు. చిన్నోడు లోపలికి దూకాడు. వెంటనే అతని కేక వినిపించింది.

"వదినా! నీళ్ళు! అన్ని సందుల్లోంచీ నీళ్ళు!"

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. వంద గజాల సందులు, తన చేత్తో పూడ్చినవి. మొగుడు బకెట్టు కోసం పరిగెత్తాడు. టీచరు మాత్రం కుర్చీలో కదల్లేదు.

"తాగనివ్వండి," అంది.

"ఏమిటండీ?"

"ఎన్నేళ్ళుగానో ఒడ్డున ఎండిపోయిన చెక్క. దాహం మీదుంది. కడుపునిండా తాగి ఉబ్బుతుంది, ఉబ్బి సందులు తనే మూసుకుంటుంది. రెండు రోజులు తోడుతూ ఉండండి. ఇది ముందే చెబితే ఈ మొహాలు చూసే భాగ్యం నాకు దక్కేదా?" అని అత్తగారి వైపు తిరిగింది. ఇద్దరూ చేతులు తట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

రెండు రోజులు వంతులేసుకుని తోడారు. డాక్టరమ్మ మొగుడు సెలవు పెట్టి, గంటకోసారి టేపుతో నీళ్ళ ఎత్తు కొలిచాడు. ఎనిమిది అంగుళాలు. ఆరు. నాలుగున్నర. కొలిచిన ప్రతిసారీ రేవు మీద నిలబడి పెద్దగా చదివేవాడు, పక్క పడవలవాళ్ళు కూడా ఆగి వినేవారు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన వంగి, అడుగున అరచెయ్యి వేసి, పైకెత్తి చూపించాడు. చెయ్యి పొడిగా ఉంది.

ఆ వారమే మొదటి ప్రయాణం. ముందు ఎవరు ఎక్కాలా అని కొడుకులిద్దరూ వాదించుకుంటూ ఉండగా అత్తగారు చెప్పులు విడిచి ఎక్కి కూర్చుంది. టీచరు మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆవిడ రేవు కొసన కుర్చీ వేయించుకుంది. "నేర్పాల్సిందంతా నేర్పాను. పోయిరండి," అంది.

తెరచాప పైకి లేచి రెండుసార్లు టపటపా కొట్టుకుని, ఒక్కసారి గాలి నింపుకుంది. పడవ ఒక పక్కకి ఒరిగి కదిలింది. చప్పుడు లేదు, ఇంజను లేదు. పలకల కింద నీళ్ళు మాత్రం గలగలమంటున్నాయి. చుక్కాని డాక్టరమ్మ చేతిలో ఉంది. దాని పిడిలోంచి సన్నటి వణుకు ఆవిడ మోచేతిదాకా పాకింది. రేవు చిన్నదైపోయింది. చిన్నోడు ముందు కొసన నిలబడి పాడుతున్నాడు, గొంతు అస్సలు బాగాలేదు. అన్నగారు రెండు చేతులతో తాడు పట్టుకుని, "పక్కకి వెళ్తున్నామోయ్! పక్కకి!" అని అరుస్తున్నాడు.

రెండు గంటలు తిరిగారు. తిరిగి రేవు దగ్గరికి వచ్చాక తెలిసింది, టీచరు అన్నీ నేర్పింది గానీ ఆపడం నేర్పలేదని. మొదటిసారి వేగంగా వచ్చి రేవుకి బారెడు దూరంలోంచి సర్రున దాటిపోయారు. "తెరచాప ముందే దించాలి!" అని అరిచింది టీచరు కర్ర ఊపుతూ. రెండోసారి మరీ ముందు దించారు. పడవ ఇరవై గజాల అవతల ఆగి, నెమ్మదిగా వెనక్కి కొట్టుకుపోయింది. మూడోసారి చిన్నోడు తాడు విసిరితే అది వెళ్ళి టీచరు ఒళ్ళో పడింది. ఆవిడ తాడు పట్టుకునే లోపే నవ్వు ముంచుకొచ్చి వదిలేసింది.

"మళ్ళీ తిప్పవే అమ్మాయ్," అంది అత్తగారు, గాలికి చెదిరిన జుట్టు సర్దుకోకుండా. "బాగుంది."

నాలుగోసారి అన్నీ కుదిరాయి. తెరచాప సరైన చోట దిగింది, పడవ నెమ్మదిగా, నేరుగా రేవు వైపు జారుతోంది. చిన్నోడు చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చేసింది. మొగుడు తాడు చేతికి చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

డాక్టరమ్మ చుక్కానిని అవతలికి తోసేసింది.

"అందేదే కదోయ్!" అన్నాడాయన.

"అందేదేనండీ," అంది ఆవిడ నవ్వుతూ. "చాప ఎత్తండి."